యెహోషువ సూర్యుడు, మన ఇంటి పొరపాటు



ఈమధ్య ఆరాధన అయ్యాక ఇంటర్ చదివే మన సంఘపు అబ్బాయి ఒకడు వచ్చి, "అయ్యగారూ, తిరిగేది భూమి కదా. మరి యెహోషువ సూర్యుణ్ణి ఆగమన్నాడేంటి?" అని అడిగాడు. పక్కనున్న పెద్దలు వాణ్ణి కసురుకున్నారు. మాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇదే ప్రశ్నకు 480 ఏళ్ల క్రితము కూడా పెద్దలు కసురుకున్నారు.

ఈ సంగతి వస్తే మనము గెలీలియో పేరు చెప్పి, అది రోమా కతోలికుల తప్పు అనేసి చేతులు దులుపుకుంటాము. నిజమే, 1633 జూన్ 22న 69 ఏళ్ల ఆ ముసలివాణ్ణి మోకాళ్ల మీద ఉంచి, భూమి తిరుగుతుందన్న మాటను విడిచిపెట్టించారు. 1642లో చనిపోయేదాకా గృహ నిర్బంధములోనే ఉంచారు. కానీ మన ఇంటి కథ అంతకంటే పాతది.

కోపర్నికస్ బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న కతోలిక సంఘ అధికారి. 1539లో ఆయనను వెదుక్కుంటూ వెళ్లినవాడు రెటికస్. లూథరు బోధించిన విట్టెన్‌బర్గులోనే లెక్కలు చెప్పే కుర్రవాడు! రెండు సంఘములు కత్తులు నూరుకుంటున్న కాలములో ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో కూర్చుని నక్షత్రముల లెక్కలు చూసుకున్నారు. ఆ కుర్రవాడు పట్టుబట్టకపోతే పెద్దాయన పుస్తకము అచ్చుకు ఇచ్చేవాడో లేదో. అదే ఏడాది లూథరు తన భోజనపు బల్ల దగ్గర, యెహోషువ ఆగమన్నది సూర్యుణ్ణే గాని భూమిని కాదని అన్నట్టు శిష్యులు రాసుకున్నారు. ప్రసంగము కాదు, అన్నము దగ్గరి మాట. అయినా పెద్దవారి మాట దూరము పోతుంది.

1543లో పుస్తకము న్యూరెంబర్గులో అచ్చయింది. చివరలో ఆ అచ్చుపని చూసినది ఓసియాండర్ అనే లూథరన్ పాస్టరు. ఆయనకు భయము వేసింది. ఇవి లెక్క కుదరడానికి వేసుకున్న ఊహలే, నిజము కానక్కర లేదని ఒక ముందుమాట రాసి, పేరు పెట్టకుండా చేర్చాడు. కోపర్నికస్ అప్పటికి మరణపు పడక మీద ఉన్నాడు. చదివినవారిలో చాలామంది అది ఆయన మాటే అనుకున్నారు. అసలు సంగతిని 1609లో కెప్లరు అచ్చులో బయటపెట్టాడు.

వాక్యమును కాపాడాలనే ఆయన అలా చేసి ఉంటాడు. మేము రాయి వేయలేము. కొన్నేళ్ల క్రితము యౌవనస్థుల కూడికలో, యెహోషువ కాలములో తప్పిపోయిన రోజును అమెరికా శాస్త్రవేత్తలు కంప్యూటరులో కనిపెట్టారని చెప్పినది మేమే. మీరు చప్పట్లు కూడా కొట్టారు. అది కట్టుకథ. ఒక రోజు తగ్గిందని తెలియాలంటే, అంతకు ముందు ఎవరో రాసి ఉంచిన లెక్క ఒకటి ఉండాలి కదా! అది లేనిదే ఏ యంత్రము మాత్రము ఏమి చెప్పగలదు?

కాల్విను మాత్రము భయపడలేదు. 1554లో ఆదికాండమునకు వ్యాఖ్యానము రాస్తూ, మొదటి అధ్యాయములోని రెండు పెద్ద జ్యోతుల దగ్గర ఆగాడు. శనిగ్రహము చంద్రుని కంటే పెద్దదని ఖగోళ శాస్త్రము చెప్పడము ఆయనకు తెలుసు. దానితో పోట్లాడలేదు. మోషే సామాన్యుని కంటికి కనబడినట్టు రాశాడు, ఆ శాస్త్రము నేర్చుకోవాలంటే వేరే చోటికి వెళ్లవచ్చు అన్నాడు. మన గోడ క్యాలెండరులో ఈనాటికీ సూర్యోదయమనే ఉంటుంది, దాన్ని అబద్ధమనే వారెవరు?

ఆ అబ్బాయిని ఇంటికి పిలిచి ఇదంతా చెప్పాము. "మరి ఆ రోజు నిజంగా ఏం జరిగింది అయ్యగారూ?" అన్నాడు. గిబియోనులో నిలబడినవారు చూసినది వాక్యములో ఉంది, దేవుడు దాన్ని ఎలా చేశాడో లేదు అన్నాము. వాడు తల ఊపాడు, పూర్తిగా ఒప్పుకున్నట్టు మాత్రము లేదు.

వచ్చే ఆదివారము ఆ కంప్యూటరు మాటను పుల్పిట్ మీదనుండే వెనక్కి తీసుకుంటాము. వాణ్ణి ముందు వరుసలో కూర్చోమన్నాము.