ముక్కిన నూనె - కాలేయమునకు కావలి

చాలాదినములు మూతపెట్టి ఉంచిన నూనెడబ్బాను తెరువగానే ఘాటైన వాసన ముక్కునకు సోకుట గృహిణులందరికిని అనుభవమే. నూనె ముక్కిపోయినదని వారందురు. ఈ చిన్న మార్పును పూర్తిగా అర్థము చేసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది. ఆ ప్రయత్నములో కాలేయమును కాపాడు రెండు పోషకపదార్థములు బయటపడినవి. వానిలో ఒకటి అంతవరకు విషముగా మాత్రమే పేరుపడినది.

గాలిని త్రాగిన నూనె

1820లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు నికొలా థియొడోర్ ద సొస్యూర్ అక్రోటు నూనెను నీటిపై పొరగా పోసి, అది ఎంత గాలిని పీల్చుకొనునో కొలిచెను. మొదటి ఎనిమిది నెలలలో నూనె తన పరిమాణమునకు మూడురెట్లు మాత్రమే గ్రహించెను. తరువాతి పది దినములలోనే అరువది రెట్లు గ్రహించెను! నూనె చిక్కబడి దుర్వాసన కొట్టసాగెను.

మొదట అంత జాప్యము, పిమ్మట ఇంత తొందర ఏల? కారణము తరువాతి శతాబ్దిలో తెలిసినది. నూనెలోని అసంతృప్త కొవ్వు అణువు ఒకటి ఉదజని పరమాణువును కోల్పోయినచో, వెంటనే ప్రాణవాయువుతో కలియును. అట్లు కలిసినది ప్రక్క అణువునుండి ఉదజనిని లాగుకొని పెరాక్సైడుగా మారును. నష్టపోయిన ఆ రెండవ అణువు మూడవదానిపై పడును. ఈ విధముగా చర్య గొలుసువలె సాగును. నూనెలో సహజముగా నుండు రక్షకద్రవ్యములు తామే ఉదజనినిచ్చి గొలుసును త్రెంచును. అవి ఉన్నంతకాలము నూనె నిలకడగా నుండును. అవి ఖర్చుకాగానే వేగముగా చెడిపోవును.

ఎలుకలు చెప్పిన సాక్ష్యము

1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హెర్బర్ట్ ఇవాన్స్, కాథరిన్ బిషప్ అనువారలు పందికొవ్వు కలిపిన శుద్ధాహారముతో ఎలుకలను పెంచిరి. అవి ఆరోగ్యముగనే కనిపించినను, ఆడ ఎలుకల గర్భములు నిలువలేదు. లెట్యూస్ ఆకులను పెట్టగా దోషము తొలగెను. ఆ తెలియని పదార్థమునకు 1924లో బార్నెట్ షూర్ విటమిను ఇ అని పేరుపెట్టెను. 1936లో ఇవాన్స్ బృందము గోధుమ అంకురపు నూనెనుండి దానిని వేరుచేసి టోకోఫెరాల్ అని పిలిచినది.

ఈలోగా, 1927లో హెన్రీ మాటిల్ ముఖ్యవిషయమొకటి తెలిపెను. కొవ్వులు గాలితో చర్యనొంది చెడునపుడు వానితోపాటు ఎ, ఇ విటమినులును నశించును. కొన్ని శాకతైలములు ఈ నాశనమును అడ్డగించును. అనగా ముక్కిన నూనెవలన రెండు నష్టములు: ఆహారములో పెరాక్సైడులు చేరును, వానిని ఎదుర్కొనవలసిన రక్షకుడును లేకుండపోవును.

విషమే రక్షకమైన కథ

కాలేయమునకు దీనితోగల సంబంధమును చూపినవాడు క్లౌస్ ష్వార్జ్. కొన్ని రకముల మేతపై పెరిగిన ఎలుకలలో కాలేయకణములు మూకుమ్మడిగా చనిపోవుటను ఆయన జర్మనీలో పరిశీలించి, విటమిను ఇ దీనిని నివారించునని 1944లో తెలిపెను. తరువాత అమెరికాలోని బెథెస్డాకు వెళ్ళి పని కొనసాగించెను. అచట ఆశ్చర్యమెదురయ్యెను. టోరులా ఈస్టును తిన్న ఎలుకల కాలేయము చెడుచుండగా, బీరు తయారీలో వాడు అమెరికా ఈస్టును తిన్నవి క్షేమముగా నుండెను. సిస్టీను, విటమిను ఇ గాక మూడవ అంశమేదో ఆ ఈస్టులో నున్నదని 1951లో ఆయన సూచించెను. 1957లో ష్వార్జ్, కాల్విన్ ఫోల్ట్జ్ దానిలోని కీలకద్రవ్యము సెలీనియమని ప్రకటించిరి.

1817లో బెర్జీలియస్ కనుగొనిన ఈ మూలకము పశువులకు విషమని మాత్రమే అప్పటివరకు ఎరుక. అది శరీరములో ఏమి చేయునో 1973లో తేలినది. పెరాక్సైడులను హానిలేని పదార్థములుగా మార్చు గ్లూటాథయోన్ పెరాక్సిడేజు అను ఎంజైములో సెలీనియము భాగమై యున్నది. విటమిను ఇ గొలుసును త్రెంచును. సెలీనియముగల ఎంజైము అప్పటికే పుట్టిన పెరాక్సైడును హరించును. ఒకటి కొరవడినపుడు రెండవది కొంతవరకు ఆదుకొనును.

వంటఇంటికి పాఠము

బాగా చెడిన నూనెను తినిపించిన ఎలుకలలో కాలేయపు బరువు పెరుగుట, అందలి విటమిను ఇ తగ్గుట కనిపించినవి. ఎలుకలలో తేలినదంతయు మనుష్యులకు అదే పాళ్ళలో వర్తింపదు. అయినను జాగ్రత్త సులభము. వెలుతురు, వేడి, గాలి తగులని చోట నూనెను ఉంచవలెను. కాగిన నూనెనే పదేపదే కాచరాదు. భారతదేశములో వేపుడు నూనెయందు ధ్రువపదార్థములు నూటికి 25 పాళ్ళు మించరాదను నిబంధన 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. సెసమాల్ వంటి రక్షకద్రవ్యములుండుటచేతనే నువ్వులనూనె చాలాకాలము నిలువయుండును. ఆవకాయకు దానిని ఎంచుకొనిన తెలుగువారి అనుభవము ఈ శాస్త్రమునకు అనుగుణముగనే యున్నది.

సెలీనియమును మాత్రలుగా మ్రింగుట కథలోని నీతి కాదు. పెద్దవారికి దినమునకు 55 మైక్రోగ్రాములు చాలునని అమెరికా నిపుణులు 2000లో నిర్ణయించిరి; 400 మించరాదనియు హెచ్చరించిరి. రక్షకమునకు, విషమునకు నడుమ దూరము అంతే.