గుత్తి కొండ, గుక్కెడు నీళ్లు

పత్తికొండ నుండి తెల్లవారుజామున బయలుదేరి, ఒక శిఖరమెక్కి, చుట్టుపట్ల సీమను కన్నులార చూచి, దీపాలవేళకు మరల ఇల్లు చేరదగిన యాత్ర యొకటి చెప్పుమని యెవరైన నన్నడిగినచో, దక్షిణముగా గుత్తికి పొండని చెప్పుదును. మైదానము నుండి సుమారు 1000 అడుగుల యెత్తునకు లేచిన ఆ బండరాతి కొండ మరీ దుర్గమమును గాదు, మరీ సులభమును గాదు. రాతిబాటయు, ఒకదానివెంట నొకటిగా వచ్చు కోటవాకిళ్లును పైదాక తీసికొనిపోవును గనుక, మోకాళ్లలో సత్తువ గలవారెవరైనను తొందరపడక యెక్కగలరు. అయినను ఈ యాత్రకు పూనుకొనువారు ముందుగా విచారింపవలసినది నీళ్ల సంగతి. ఈ సీమలో కోటలు నిలిచినను, కూలినను నీటి మీదనే; ఆ సంగతి తెలిసికొనుటకు గుత్తి దాక పోనక్కరలేదు, పత్తికొండలోనే, ఒక దొర మరణ కథలో, నీటి విలువకు సాక్ష్యమున్నది.

1800 సంవత్సరమున నిజాము ఈ జిల్లాలను కుంఫిణీవారికి దత్తము చేసినప్పుడు, వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వరకు గుడారములలోనే కాపురముండి, ఊరూరు తిరిగి, పొలము పొలమును కొలిపించి, రైతువారీ పద్ధతికి ఇచ్చట పునాది వేసినవాడు థామస్ మన్రో. ఆయన పాళెగాండ్రను నిర్దాక్షిణ్యముగా అణచినవాడనుటయు, ఆయన కాలపు శిస్తులు మెట్ట రైతునకు మోయరాని బరువైనవనుటయు సత్యమే. అయితే ఆ బరువును తానే గుర్తించి, 1807 లో అన్ని భూములకును నూటికి 25 వంతున శిస్తు తగ్గింపవలెననియు, బావులనుండి పారు భూములకు మరికొంత తగ్గింపు నీయవలెననియు వ్రాసినవాడును ఆయనయే. బావి త్రవ్వుకొనిన రైతు కష్టమును ప్రత్యేకముగా లెక్కించిన అధికారి యని నేను ఆయనను గౌరవింతును.

1820 లో మదరాసు గవర్నరైన మన్రో, పదవి విడిచి స్వదేశమునకు పోవుటకు పూర్వము తాను యౌవనమున తిరిగిన సీమను చివరిసారి చూడగోరి, 1827 వేసవి తుదిని మదరాసునుండి బయలుదేరి వచ్చెను. అప్పటికి ఈ ప్రాంతమున వాంతిభేది వ్యాపించియుండెను. గుత్తి దాటి పత్తికొండలో విడిది చేసిన ఆయనకు జూలై 6 వ తేదీ ఉదయమున ఆ జాడ్యము సోకగా, ఆ రాత్రికే ప్రాణము పోయెను. కళేబరమును గుత్తికి తరలించి, కొండ పాదమునగల శ్మశానమున మరునాడు పూడ్చిరి; 1831 లో అస్థులను మదరాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చిరి. మదరాసులో ఆయనకు గుఱ్ఱముపై కూర్చుండిన కంచు విగ్రహము లేచినది. గుత్తిలో ఆయన పేర సత్రము వెలసినది. పత్తికొండలో మాత్రము ప్రభుత్వమువారు ఒక తోపు వేయించి, రాతిమెట్లతో బావి కట్టించిరి. ఈ మూటిలో బావియే మిన్నయని నా నమ్మకము. వాంతిభేది కలుషిత జలముద్వారా వ్యాపించునని లండనులో జాన్ స్నో అను వైద్యుడు నిరూపించుటకు ఇంకను ఇరువదియేడేండ్లు పట్టెను. అందుచేత బావి కట్టించినవారు ఆ సంబంధము నెఱిగి కట్టించియుండరు. ఎండిన సీమలో చనిపోయినవాని పేర చేయదగిన ఉత్తమదానము నీరేయను పూర్వాచారము మాత్రము వారి చెవిని పడియుండును. నేటి యాత్రికుడు కూడ ఆ తోపు వైపు తొంగిచూచి బయలుదేరుట మంచిది.

పత్తికొండ నుండి గుత్తికి పోవు దారిలో, గుత్తికి 8 మైళ్ల యీవల, జొన్నగిరి చేరువను ఎఱ్ఱగుడి యున్నది. తొలకరి వానలు పడగానే వజ్రముల వెదకులాటకై చుట్టుపట్ల ఊళ్లవారు కుటుంబములతో దిగి, పొలములలో తలవంచి నడచు సీమ యిదియే. అచ్చటి చిన్న గుట్టపై, క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన శాసనములు కలవు. అను ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1928-29 ప్రాంతమున వానిని గుర్తించు వఱకు, వేలయేండ్లుగా గొఱ్ఱెలకాపరులు ఆ బండలపై కూర్చుండి సద్ది తినుచు వచ్చిరేగాని, ఆ గీతలేమో యెఱుగరు. లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును సాగుట పండితులను నేటికిని ఆశ్చర్యపఱచుచున్నది. పదునాలుగు పెద్ద శాసనములును ఇచ్చటనే యున్నవి. వానిలో రెండవదాని సారాంశము మన యాత్రకు మిక్కిలి దగ్గఱిది: బాటల వెంట మనుష్యులకును పశువులకును పనికివచ్చునట్లు బావులు త్రవ్వించితిననియు, చెట్లు నాటించితిననియు చక్రవర్తి యందు చెప్పుకొనుచున్నాడు. పత్తికొండలో తోపును బావియు వెలసినది ఆ మాట చెక్కిన రెండువేల యేండ్ల పిమ్మట. ప్రొద్దు వాలుగా నున్నప్పుడు అక్షరముల లోతు చక్కగా తెలియును గనుక ఉదయముననే ఇచ్చట ఆగవలెను. సుద్దతో అక్షరములను దిద్దరాదు, చేతితో రుద్దరాదు.

ఇక గుత్తి. చాళుక్య విక్రమాదిత్యుని కాలపు శాసనములు గల ఈ కొండను, విజయనగర బుక్కరాయల కాలపు సంస్కృత శాసనమొకటి దుర్గములకు రాజని కీర్తించినది. తర్వాత చేతులు మారి మారి, పదునెనిమిదవ శతాబ్దిలో ఘోర్పడే మురారిరావు వశమయ్యెను. 1751 లో ఆర్కాటునందు చిక్కిన క్లైవునకు తోడ్పడిన మహారాష్ట్ర అశ్వసేనాని యితడే. ఇంతటివాడు ఓడినది ఫిరంగులకు గాదనుట ఇచ్చటి చరిత్రలో నన్ను మిక్కిలి కదలించు విషయము. 1775 లో బళ్లారిని పట్టిన హైదరలీ గుత్తిపై బడి పట్టణమును, దిగువ కోటను వశపఱచుకొనెను. జనముతోను పశువులతోను క్రిక్కిరిసిన పైకోటలో, వాననీరు నిలుపు దొనలు అడుగంటెను. మైసూరు చరిత్ర వ్రాసిన మార్క్ విల్క్సు చెప్పిన ప్రకారము, ధనమిచ్చునట్లు సంధి కుదిరి, కొంత చెల్లించి, తక్కినదానికి జామీనుగా ఒక యువకుని హైదరు శిబిరమునకు పంపిరి. అచ్చట ఆదరించి మాటలలో బెట్టగా, నీళ్లు కొద్దిదినములకు మాత్రమే యుండబట్టి లొంగితిమిగాని లేకున్న లొంగువారము గామని ఆ పిల్లవాడు అభిమానముకొలది అనివేసెను. హైదరునకు కావలసినదంతయు ఆ మాటలోనే దొరకినది. ఏదో నెపము పెట్టి సంధి త్రోసిపుచ్చి మరల ముట్టడించెను. 1776 లో మురారిరావు కోటను విడిచి బందీయై, కబ్బాలదుర్గమున కన్నుమూసెను.

కొండయెక్కువారు ఆ దొనలను తీరికగా చూడవలెను. రెండు బండల నడిమి చీలికకు అడ్డముగా రాళ్లు పేర్చి, సున్నము గట్టించి, పైబండలపై పడిన ప్రతి వానచుక్కయు జారి అందులోనికే చేరునట్లు చేసిన యుపాయములవి. చిత్తడి దినములలో నిండి పాచిపట్టి, వేసవికి అడుగున బురద మిగులును. నూటయెనిమిది బావులుండెడివని ఊరివారు చెప్పుకొందురు. చివరకు అంచుమీద నున్న చిన్న మంటపము చేరుదుము. మురారిరావు గద్దె యని పిలువబడు ఆ నునుపైన గచ్చు కట్టడమునుండి ఆయన చదరంగమాడుచు సీమను చూచుచుండెడివాడట. అచ్చటనుండి ఎఱ్ఱనేలలు, నల్లరేగళ్లు, దూరమున రైలుపట్టాలు ఒక్కచూపున కన్పడును.

ఏర్పాటుల విషయమై కొన్ని మాటలు. కార్తీకము మొదలు శివరాత్రి వరకు తగిన కాలము. వేసవిలో బండలు పదిగంటలకే కాలును, వానలలో పాచిమెట్లు జారును. మనిషికి మూడు లీటర్ల నీరు మోసికొనిపోయి, అందొక సీసా దిగునప్పటికై ముట్టక యుంచుకొనవలెను. పూర్వము మన కాపరులు సొరకాయబుఱ్ఱలో నీళ్లు నింపుకొని కొండలెక్కినను ఈ లెక్క తప్పెడివారు గారు. దొనల నీరు ఎంత తేటగా కన్పడినను త్రాగరాదు. పట్టుగల చెప్పులు, తలగుడ్డ, జొన్నరొట్టెలు, చెనిగవిత్తనాల ఊరిమిండి, కాసింత ఉప్పు వేసిన మజ్జిగ చాలును. ఒంటరిగా పోక నలుగురు కలిసి, ఎండ ముదరకముందే శిఖరము చేరి, మధ్యాహ్నమునకు క్రింది దారి పట్టవలెను. దిగినపిమ్మట కొండ పాదమున తెల్లవారి శ్మశానమును చూచి మఱీ మరలుట యుక్తము.

గుత్తి కోట కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్న కట్టడము. గోడలతోపాటు దొనల పూడిక తీయించుట కూడ రక్షణలో భాగమేయని గ్రహింపవలసినదిగా ఆ శాఖవారిని, పత్తికొండ బావిని చెత్తపాలు కానీయక కాపాడుకొనవలసినదిగా ఊరి పౌరులను, మోసికొనిపోయిన సీసాలను తిరిగి క్రిందికి మోసికొని రావలసినదిగా యాత్రికులను చేతులు జోడించి కోరుచున్నాను.