కరువు పని: వయసు అడగని ఉద్యోగం

ఈ ఎపిసోడ్ ఒక్క మాట గురించి. మా నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో ఉపాధి హామీ పనికి పోయేవాళ్లని "యాడికి పోతాండావు?" అని అడగండి. "కరువు పనికి" అంటారు. వానలు బాగా పడిన ఏడాది కూడా అదే మాట. మా జేజి నోట సర్కారు పెట్టిన పేరు నేను ఒక్కసారీ వినలేదు. చిన్నప్పుడు నవ్వేవాణ్ణి. ఆ మాట వెనక 150 ఏళ్ల చరిత్ర ఉందని చాలా లేటుగా తెలిసింది.

ముందు నా సంగతి ఒకటి చెప్తా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి రెజ్యూమెలు చూస్తున్నాం. ఒకావిడకు 46 ఏళ్లు, పిల్లల కోసం తొమ్మిదేళ్లు గ్యాప్. ఫోన్ కూడా చేయకుండా పక్కన పెట్టేశాం. ఆ "పెట్టేశాం"లో నేనూ ఉన్నా. అదే వారం ఇంటికి ఫోన్ చేస్తే, డెబ్బైకి దగ్గర పడిన మా జేజి పనికి పోయిందని అమ్మ చెప్పింది. అక్కడ ఆమెను నీకెన్నేళ్లు అని ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో చూద్దాం.

1876లో వానలు పోయాయి. అప్పట్లో మనది మద్రాసు ప్రెసిడెన్సీ. కేసీ కాలువ అప్పటికే ఉంది, కానీ కాలువ నీళ్లు అందని పల్లెలే ఎక్కువ. తిండి లేని జనం ప్రభుత్వం పెట్టిన కరువు పనులకు పోయారు. రోడ్లు, చెరువు కట్టలు, మట్టి మోత. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. ఖర్చు తగ్గించమని పై నుంచి పంపిన మనిషి. మగవాడికి రోజు కూలి ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. పని చేసే మనిషికి ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు గానీ పెంచలేదు. 1871తో పోలిస్తే 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు.

తర్వాత 1880లో ఫామిన్ కమిషన్ రిపోర్టు, దాని మీద కరువు నియమావళులు వచ్చాయి. వాటిలో జనాన్ని రెండు లిస్టులు చేశారు. పని చేయగలిగితే పని, చేయలేని ముసలివాళ్లకు, జబ్బుపడినవాళ్లకు ఉచిత సాయం. ఇప్పుడు మీరే చెప్పండి. 50 ఏళ్ల ఆడమనిషి, మోకాళ్ల నొప్పి, అయినా గంప ఎత్తగలదు. ఏ లిస్టులో రాస్తారు?

ఈ ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. వృద్ధాప్య పింఛను సాధారణంగా 60 ఏళ్లకు. 2020లో మన రాష్ట్రంలో వచ్చిన చేయూత పథకం 45 నుంచి 60 మధ్య ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడవాళ్లకు ఏడాదికి 18,750 రూపాయలు ఇచ్చింది. అంటే మధ్యలో ఒక ఖాళీ ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా.

ఇక 2005లో ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న పని మొదలైంది మన పక్క జిల్లాలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మొదటి 200 జిల్లాల్లో కర్నూలు లేదు, రెండో విడతలో వచ్చింది. చట్టంలో 18 నిండాలని ఉంది. పైన ఎంత వరకు అనేది లేదు! ఆడా మగా కూలి రేటు ఒకటే. పని ఐదు కిలోమీటర్ల లోపు ఇవ్వాలి, దాటితే పది శాతం అదనం. టెంపుల్ లెక్క పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది.

కానీ ఒక చిక్కుంది. కూలి కొలతను బట్టి వస్తుంది. గుంపు ఎంత మట్టి తీసిందో కొలిచి పంచుతారు. "ముసల్దాన్ని కలుపుకుంటే మాకు తగ్గుతాది" అని మా జేజి మొహం మీదే అన్నారంట. ఆమె ఏమందో తెలుసా? "నీళ్లు నేను పోస్తా, పిల్లోళ్లని నేను చూస్తా, మీరు తవ్వండి" అందంట. నిజానికి తాగేనీళ్లు, పిల్లల్ని చూసుకునే మనిషి పని దగ్గర ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఆమె అడిగింది దయ కాదు, హక్కే. ఆమెకు ఆ సంగతి తెలీదు, అంతే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్తది చేసింది. రోజులు 100 నుంచి 125 అన్నారు. విత్తే, కోసే సీజన్లో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపొచ్చని కూడా రాశారు. సీజన్లో పొలం పనులుంటాయి కదా అంటారు. ఉంటాయి. కానీ కిలో లెక్కన పత్తి ఏరేటప్పుడు మేస్త్రీ ఆటోలో ముందు ఎక్కేది వేగంగా ఏరేవాళ్లే. మా జేజిలాంటివాళ్లు ఆ రోజుల్లో ఏం చేయాలి? ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి.

అందుకే మీకు ఒక చిన్న పని. హాజరు ఇప్పుడు ఫోన్ యాప్‌లో ఫొటో తీసి వేస్తున్నారు. ఇంట్లో ఫోన్ చూడటం వచ్చింది మీకే. మీ అవ్వో, జేజో, పిన్నమ్మో పని నుంచి వచ్చాక హాజరు పడిందా, డబ్బులు ఖాతాలో పడ్డాయా చూసి చెప్పండి. పడకపోతే వాళ్లతో కలిసి సచివాలయానికి పోయి అడగండి. నేను పోయిన నెల చూస్తే జేజికి రెండు రోజులు తక్కువ పడ్డాయి. రేపు పొద్దున్నే ఇద్దరం పోతున్నాం. ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా.