110 సెల్లుల గది

ఢిల్లీలో జూన్ మధ్యాహ్నం. 220 కేవీ సబ్‌స్టేషన్ యార్డులో కంకర మీద నడుస్తుంటే బూట్లలోంచి కూడా అరికాళ్లు చురుక్కుమంటున్నాయి. కంట్రోల్ రూమ్ ఏసీలోకి వచ్చి హమ్మయ్య అనుకునేలోపే టెక్నీషియన్ పక్కనున్న బ్యాటరీ గది తలుపు తీస్తాడు. గుప్పున యాసిడ్ ఘాటు.

ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. చార్జింగులో సెల్లులు హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. మీ ఫోన్ బయట బల్ల మీదే ఉండిపోయింది. వాచీ, ఉంగరం కూడా తీయించారు.

గోడల వెంట వరసగా 110 సెల్లులు. ఒక్కోటి 2 వోల్టులు, అన్నీ కలిపితే 220. పాడైన ఒకదాన్ని ఇవాళ మారుస్తున్నారు. స్టేషన్ లోడు రెండో బ్యాటరీ బ్యాంకు మీదకు పోయింది. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, ఏప్రన్. స్పానర్‌కి కొస దాకా ఇన్సులేషన్ తొడుగు ఉంది. అది లేని స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మీద పడితే కరిగిన లోహం ముఖం మీదకు చిమ్ముతుంది.

‘సార్, ప్లస్సు, మైనస్సు మీరూ ఒకసారి చూడండి’ అంటాడు టెక్నీషియన్. చూస్తారు. ఆ తర్వాతే బోల్టు పడుతుంది. టార్క్ రెంచ్ టక్కుమనేదాకా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తాడు. బోల్టు వదులుగా ఉంటే కాలుతుంది, మరీ బిగిస్తే సీసపు టెర్మినల్ పాడవుతుంది. పక్క సెల్లులో హైడ్రోమీటర్ ముంచితే యాసిడ్ సాంద్రత 1.200. బాగానే ఉంది. నీళ్లు మాత్రం కింది గీత దగ్గరకొచ్చాయి. ఢిల్లీ ఎండ అలాంటిది. పోసేది డిస్టిల్డ్ వాటరే, కుళాయి నీళ్లు పనికిరావు.

ఇంత హడావుడి ఎందుకంటే, లైన్లో ఫాల్ట్ వచ్చినప్పుడు బ్రేకర్‌ని ట్రిప్ చేసేది ఈ గది కరెంటే. 2012 జూలై 30న, మళ్లీ 31న ఉత్తర గ్రిడ్ కుప్పకూలినప్పుడు రిలేలకూ బ్రేకర్లకూ దిక్కు ఇలాంటి గదులే. 2025లో ఢిల్లీలోని కిలోకరీలో 20 మెగావాట్ల బ్యాటరీ ప్లాంటు వస్తే అందరూ మెచ్చుకున్నారు. కానీ ఈ గదికి ఏడాదికోసారి సున్నం వేసినా గొప్పే.

బయటికొస్తూ చార్జర్ మీటరు చూస్తారు. 240 దాటింది. దాన్ని నమ్మి సంతకం పెట్టకండి. అది చార్జర్ ఇచ్చే వోల్టేజీ. మధ్యలో ఒక్క సెల్లు తెగిపోయి బ్యాంకు మొత్తం ఉత్తదైనా ఆ ముల్లు అక్కడే నిలబడుతుంది. లోడు పెట్టి డిశ్చార్జ్ టెస్ట్ చేయించండి. చివరిసారి ఎప్పుడు చేశారో రిజిస్టరులో లేకపోతే, చేయలేదనే లెక్క.