రఫ్తార్ పెరిగింది, కవచం పెరగలేదు

జపాన్ జంగీ జహాజుల తవారీఖ్ చదివినప్పుడల్లా నేను ఆగిపోయేది ఒక్క అంకె దగ్గరే: ఎనిమిది అంగుళాలు. కొంగో తరగతి నాలుగు జహాజుల పక్కలకు బిగించిన ఫౌలాద్ కవచం గరిష్ఠ మందం అది. ముప్పై ఏళ్లలో వాటిలో చాలా మారాయి. అది మారలేదు.

మొదటిది కొంగో. నక్షా గీసింది ఇంగ్లండ్‌లోని వికర్స్ కంపెనీ ఇంజినీర్ జార్జ్ థర్స్టన్. 1911లో బారోలో పని మొదలై 1913లో పూర్తయింది. ఎనిమిది ఫిరంగులు, ఒక్కోటి 14 అంగుళాలది. అంత పెద్దవాటితో దళంలో చేరిన ఆధునిక జహాజ్ అప్పటికి దునియాలో ఇంకొకటి లేదు. రఫ్తార్ 27 నాట్ల పైనే. జపాన్ తన కారీగర్లను బారో పంపి హునర్ నేర్పించింది. తర్వాతి మూడూ తన గడ్డ మీదే కట్టుకుంది: హియెయి యొకొసుకాలో, హరునా కోబేలో, కిరిషిమా నాగసాకిలో. ఈ సౌదాలో రిశ్వత్ మరక కూడా ఉంది. వికర్స్ సొమ్ము తిన్న అడ్మిరల్ మత్సుమోటోకు శిక్ష పడింది. ఆ గొడవల్లోనే 1914లో యమమోటో హుకూమత్ కూలింది.

1922 వాషింగ్టన్ ఒప్పందం కొత్తవి కట్టకుండా చేతులు కట్టేసింది. ఇక పాతవాటికే మరమ్మత్. మొదటి విడతలో డెక్ కవచం మందం చేసి, టార్పెడోల నుంచి కాపాడేందుకు పక్కలకు ఉబ్బులు తగిలించారు. బరువెక్కి నెమ్మదించాయి. కానీ దఫ్తర్ కాగితాల్లో 'బాటిల్‌క్రూజర్' కొట్టేసి 'బాటిల్‌షిప్' అని రాసుకున్నారు. 1930లలో రెండో విడత. వెనక భాగం దాదాపు 8 మీటర్లు పొడిగించి, ఇంజన్ల తాఖత్ 64,000 నుంచి 1,36,000 హార్స్‌పవర్‌కు పెంచారు. రఫ్తార్ 30 నాట్లకు చేరింది.

విమానవాహక నౌకల వెంట పరుగెత్తగలిగింది ఆ రఫ్తార్ వల్లే. 1942 ఏప్రిల్‌లో కొలంబో, ట్రింకోమలీల మీద దాడిచేసిన నగుమో దళంలో నాలుగూ ఉన్నాయి. అదే ముహిమ్‌లో ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ విమానాలు మాత్రం వేరే దళంలోని ర్యూజో నుంచి ఎగిరినవి.

అసలు ఇమ్తెహాన్ నవంబరులో గ్వాడల్‌కెనాల్ దగ్గర. రాత్రి చీకట్లో, అతి దగ్గర నుంచి అమెరికా క్రూజర్ కొట్టిన 8 అంగుళాల గుండ్లకు హియెయి చుక్కాని చెడింది. తెల్లారాక విమానాలు దాన్ని వదల్లేదు. రెండు రాత్రుల తర్వాత కిరిషిమా అసలు సిసలు బాటిల్‌షిప్ వాషింగ్టన్ ఎదుట పడింది. 16 అంగుళాల గుండ్లకు ఆ పక్క కవచం ఏపాటి? తెల్లారేలోపే మునిగింది. కొంగోను 1944లో సబ్‌మెరైన్, హరునాను 1945లో కురే దగ్గర విమానాలు ముంచాయి.

ఇంజినీర్లను నేను తప్పుపట్టను. పక్క కవచం మందం చేస్తే రఫ్తార్ పోయేది. రెండూ ఇవ్వలేని నక్షా అది. విలేకరిగా దఫ్తర్లలో పేర్లు మారడం చాలా చూశాను. పేరు మార్చిన కాగితాన్ని నమ్మి, ఆ జహాజుల్లోని మనుషులను బాటిల్‌షిప్‌ల జంగ్‌కు పంపారు. మూల్యం చెల్లించింది వాళ్లే.