నల్లరేగడి సీమ తెలుగువారి పుదీనా పచ్చడి

కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములందలి నల్లరేగడి గ్రామములలో తెలుగు మాతృభాషగా గల కమ్మవారు, రెడ్లు, తొట్టియ నాయకులు మొదలగువారు తరతరములుగా నివసించుచున్నారు. విజయనగర సామ్రాజ్య కాలమునను, తదుపరి మధుర నాయకుల కాలమునను వీరి పూర్వులు దక్షిణమునకు తరలివచ్చిరని చరిత్రకారులు చెప్పుదురు. వీరి పాళెములను గూర్చి వ్రాసినంతగా వీరి రోళ్లను గూర్చి ఎవరును వ్రాయలేదు.

పుదీనా పచ్చడి పూర్వులు వెంట తెచ్చిన రుచియని తలచుట సహజము. కాని విచారించిన ఆ మాట నిలువదు. పుదీనా యను పేరే పారసీకము. దానికి కారమిచ్చు మిరప అమెరికా ఖండపు మొక్క. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి వలన మనదేశమునకు వచ్చినది. కోవిల్‌పట్టికి పేరు తెచ్చిన వేరుసెనగయు ఆ ఖండమునుండి వచ్చినదే. (అచటి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది.) కావున నేటి పచ్చడిని తొలి వలసవారు మూటగట్టి తెచ్చిరనుట పొసగదు.

అయినను 'పచ్చడి' యను మాట పరిశీలింపదగినది. తమిళమున పచ్చడి యనగా సాధారణముగా పెరుగు కలిపినది. నూరినదానిని తువైయల్ అందురు. ఈ సీమలో నూరినదానినే పచ్చడి యను ఇల్లున్నచో, ఆ పలుకు ఉత్తరమునుండి వచ్చినదనుటకు అదియే సాక్ష్యము.

ఈ మెట్టసీమలో పుదీనాకు పెరటి బావినీరు పారు చోటే అనువు. విరుదునగరము మిరప, పప్పు, నూనెల వర్తకమునకు ప్రసిద్ధము గనుక తక్కిన సంభారములకు కొదవలేదు. మినపప్పు, ఎండుమిరపకాయలు నూనెలో వేయించి, ఆకును పసరువాసన పోవునంతవరకే వాడ్చి, చింతపండు, ఉప్పు, కొబ్బరి చేర్చి నూరుదురు. ఆకు మితిమీరి వేగినచో నల్లబడి చేదెక్కును. సజ్జ సంకటికి, దోసెకు, పెరుగన్నమునకు ఇది చక్కని తోడు.

ఆంగ్లేయులు పుదీనాను ఆపిలు రసములో చక్కెరతో కాచి, జెల్లీగా పేరబెట్టి గొఱ్ఱెమాంసమునకు నంజుకొందురు. పండులోని పెక్టిను, చక్కెర, పులుపు కూడి దానిని గట్టిపరచును. మన పచ్చడికి ఆ గట్టితనము పప్పు వలన వచ్చును. జెల్లీ నెలల తరబడి నిలుచును. పచ్చడి ఒకటి రెండు దినములకే చెడును. మరల నూరవలసినదే, మరల దాని పేరు పలుకవలసినదే.

కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగు. ఈ వలసవారి కథను వారు తమిళముననే వ్రాసిరి. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. లిపి నేర్వని ఇండ్లలో భాషకు మిగిలిన చోట్లలో వంటిల్లు ఒకటి. పచ్చడియా, తువైయలా, తొక్కా యని పెద్దలను అడిగి, ఊరిపేరుతో సహా వ్రాసిపెట్టుట మన సంఘము వెంటనే పూనుకొనదగిన పని.