బ్యాడ్ బ్రెయిన్స్: జాజ్ నేర్చిన చేతులతో పంక్

పోయిన భాగంలో 1972 బొంబాయి దళిత్ పాంథర్స్ గురించి రాశాను. ఈసారి కాస్త దారి తప్పుతున్నాను. కారణం ఒక కుర్రాడు.

మా కాలేజీ యాన్యువల్ డేకి గిటార్ వాయిస్తానని పేరిచ్చాడు. కమిటీలో ఒక పెద్దమనిషి, "నీకు గిటారెందుకు రా, మీవాళ్ళు డప్పు బాగా కొడతారుగా, అది పెట్టు" అన్నాడట. డప్పు మనదే, అందులో అనుమానం లేదు. గిటార్ మనది కాదని ఎవరు తేల్చారు? వాడు నా దగ్గరికొచ్చి కూర్చుంటే వాషింగ్టన్ డీసీ నల్ల కుర్రాళ్ళ కథ చెప్పాను.

రాక్ సంగీతాన్ని పుట్టించినవాళ్ళలో చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, సిస్టర్ రొజెటా థార్ప్ ఉన్నారు. అందరూ నల్లవాళ్ళే. 1970ల నాటికి అదే రాక్ తెల్లవాళ్ళ సొత్తైంది. నల్లవాళ్ళు సోల్, ఫంక్ పాడుకోవాలి, అంతే. డెట్రాయిట్‌లో హాక్నీ అన్నదమ్ములు ముగ్గురు 'డెత్' అనే బ్యాండ్ పెట్టి 1975లో పాటలు రికార్డు చేశారు. పేరు మార్చమన్నారు, మార్చలేదు. ఆ పాటలు ఆల్బమ్‌గా వచ్చింది 2009లో!

డీసీ కుర్రాళ్ళు నలుగురు. హెచ్.ఆర్., అతని తమ్ముడు ఎర్ల్ హడ్సన్, డాక్టర్ నో, డారిల్ జెనిఫర్. మొదట 'మైండ్ పవర్' పేరుతో జాజ్ ఫ్యూజన్ వాయించేవాళ్ళు. రిటర్న్ టు ఫరెవర్, మహావిష్ణు ఆర్కెస్ట్రా వాళ్ళకు పాఠాలు. (మహావిష్ణువు అక్కడిదాకా వెళ్ళాడు. మన డప్పుకి మాత్రం ఊళ్ళో గుడి మెట్లే దొరకలేదు.) 1977 ప్రాంతంలో పంక్ విన్నారు. రమోన్స్ పాట నుంచి పేరు తీసుకుని బ్యాడ్ బ్రెయిన్స్ అయ్యారు.

పంక్‌లో ఒక మాట ఉండేది: వాయించడం రాకపోయినా ఫర్వాలేదు, వేదికెక్కు. వీళ్ళకేమో వాయించడం బాగా వచ్చు. ఫ్యూజన్‌లో తిరిగిన చేతులు కాబట్టి ఎవరూ అందుకోలేని వేగంలో కూడా నలుగురూ ఒక్క దెబ్బలో ఆగేవాళ్ళు, ఒక్క దెబ్బలో మొదలెట్టేవాళ్ళు. తర్వాత హార్డ్‌కోర్ అని పిలిచిన సంగీతానికి పునాది వేసినవాళ్ళలో వీళ్ళు ముందువరస. 1979లో రాక్ అగైన్‌స్ట్ రేసిజం పేరుతో వ్యాలీ గ్రీన్ అనే పేదల ప్రభుత్వ ఇళ్ళ సముదాయంలో, ఆరుబయట వాయించారు. పంక్‌ను క్లబ్ గోడలు దాటించి నల్లవాళ్ళ వాడకి తీసుకెళ్ళడం నాకు ఆల్బమ్‌లకన్నా పెద్ద సంగతి.

సొంతూళ్ళో క్లబ్బులు తలుపులు మూసేశాయి. ప్రేక్షకుల గోల, సామాను విరగడం అని కారణాలు. ఆ వెలి మీదే పాట కట్టి, న్యూయార్క్ వెళ్ళిపోయారు. 1982లో తొలి ఆల్బమ్ క్యాసెట్‌గా వచ్చింది. అట్ట మీద అమెరికా పార్లమెంటు గుమ్మటాన్ని పిడుగు కొడుతుంటుంది. పంక్ పాటల మధ్యే రెగే పాటలు. 1986లో 'ఐ అగైన్‌స్ట్ ఐ'కి వచ్చేసరికి మెటల్ బరువు చేరింది. అందులో ఒక పాటకి హెచ్.ఆర్. జైలు నుంచి ఫోన్లో గొంతిచ్చాడు.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. దాచితే నేను చరిత్ర రాస్తున్నట్టు కాదు. 1982లో ఆస్టిన్‌లో, తమకు సాయం చేసిన బిగ్ బాయ్స్ బ్యాండ్ గాయకుడు గే అని వీళ్ళు అతన్ని అవమానించారు. తాము నమ్మిన రాస్తఫారీ మతాన్ని అందుకు అడ్డం పెట్టుకున్నారు. వెలి రుచి తెలిసినవాళ్ళే ఇంకొకర్ని వెలేశారు. మన సంఘాల్లో ఆడపిల్లలు, ట్రాన్స్ మిత్రులు అడిగే ప్రశ్న కూడా ఇదే కదా. ఆ ఘటన విని బ్యాండ్ మీద మోజు తగ్గితే తగ్గనివ్వండి.

1985లో న్యూయార్క్‌లో వెర్నన్ రీడ్, గ్రెగ్ టేట్, కొండా మేసన్ కలిసి బ్లాక్ రాక్ కోయలిషన్ పెట్టారు. రాక్ మాదే అని సంఘం పెట్టి మరీ చెప్పాల్సొచ్చింది.

మా కుర్రాడు యాన్యువల్ డేలో డప్పూ వాయించలేదు, గిటారూ వాయించలేదు. ఇప్పుడు హాస్టల్ గదిలో డప్పు దరువుని గిటార్ తీగల మీదికి ఎక్కించే పనిలో ఉన్నాడు. వేగం పెంచితే దరువు జారిపోతోందట సార్, ఇంకా కుదర్లేదు అంటున్నాడు.